నింపని సున్న

ఫోనులో ఎవరో ఆడపిల్ల, "ఇంకెవరన్న ఉన్నరా అమ్మా, జర యాది చేసుకోండి" అన్నది. బియ్యం చెరుగుతున్న చేట నా ఒళ్ళోనే ఆగిపోయింది. గొంతు ఆ పిల్లదే గానీ మాట వేరేవాళ్ళది. "ఇంకెవరన్న" దగ్గర కొద్దిగా ఆగడం, "యాది" దగ్గర సాగదీయడం, ఆ వరుస నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ అబద్ధం చెప్పాను.

"ఈ మాట నీకెవరు నేర్పిన్రు బిడ్డా?" అని అడిగాను.

"మా దవాఖానల ఒక పెద్దాయన చేసేటోడమ్మా. గిట్లనే అడగాలె అని చెప్పిండు. మీ ఇంటికి గూడ వచ్చిండట గదా. ఆయన పోయి నెల దాటింది."

పోయి నెల దాటింది. నాకెవరు చెప్తారు? ఆయన మాకు చుట్టం కాదు, పక్కం కాదు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఇళ్ళ పేర్లు అడిగాడో లెక్క లేదు, ఆయన పేరు మాత్రం మేమెవ్వరం అడగలేదు. పటమాయన అనేవాళ్ళం, అంతే.

పటం అంటే బట్ట మీద రంగుల బొమ్మలు వేసిన పెద్ద చుట్ట. ఆయన తాతముత్తాతలది అదే పని. మూడేళ్ళకోసారి మా కులం ఇళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. గుంజకు పటం వేలాడదీసి, కులం పుట్టుక దగ్గర మొదలుపెట్టి, చివరికి ఎవరి ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి మగవాళ్ళ పేర్లు వరుసగా పాట కట్టి చదివేవాళ్ళు. చదవడమంటే కాగితం చూసి కాదు, అంతా నోటికే. ఈయన మనిషి ఎముకల గూడు. గొంతు మాత్రం ఆ ఒంటిలో ఎక్కడ పట్టిందా అనిపించేది. చచ్చినవాళ్ళ పేరు చెప్పేటప్పుడు ఇంటి వాసాల దిక్కు చూసేవాడు. బతికున్నవాళ్ళ పేరు వస్తే తల దించి నేల చూసేవాడు. ఎందుకట్లా అంటే, "బతికున్నోళ్ళను సూసుకుంట పేరు వెడితే దిష్టి తాకుతది" అనేవాడు. పేరుకూ పేరుకూ నడుమ బొటనవేలు వేళ్ళ కణుపుల మీద జరుగుతుండేది. చాయ్ ఇస్తే తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయేవాడు. వద్దన్నా వినడు.

ఒకసారి నేను ఆయనతో కొట్లాడాను. నా బిడ్డ అప్పుడు బడికి పోతుండె. చొప్పదండి దగ్గర మా ఊరిలో, మా ఇంటి ముందు నిలబడి, మా మామగారి తాత దగ్గర్నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చి, మా ఆయన పేరు చెప్పి ఆపేశాడు. బొమ్మలు చూపే కర్ర కింద పెట్టాడు.

"ఇగ?" అన్నాను.

"ఇగ అయిపోయింది చెల్లె."

"నా బిడ్డ లేదా?"

"ఆడివిల్ల అవుతలింటికి పోతది గదా. ఆ ఇంటి వరుసల కలుస్తది."

"అట్లనా. నేను ఈ ఇంటికొచ్చి పన్నెండేండ్లాయె. మరి నన్ను ఏ వరుసల కలిపినవ్?"

మా ఆయన, "ఊకోయె, పటమాయనతోటి పంచాదేంది" అన్నాడు. అరుగు మీద కూర్చున్న మా అత్త పడి పడి నవ్వింది. "నేనొచ్చి నలభై ఏండ్లాయె. నన్నే కలుపలే, నీ పంచాదేందే" అన్నది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పటం చుట్టుకుని, మేము పెట్టే బియ్యం కూడా తీసుకోకుండా పోయాడు. నేను పిలవలేదు. మాకు కొడుకులు లేరు. ఆయన పాటలో మా ఇల్లు మా ఆయన దగ్గర ఆగిపోయింది. ఆ మంట నాకు చాన్నాళ్ళు ఉండె.

ఆ తర్వాతి ఏడే మా అత్త పోయింది.

ఆ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. మొదట రేగుపండంత. పసుపు పట్టించింది, వేపాకు కట్టింది. అది పగిలి పుండైంది. మా ఆయన బెల్లంపల్లిలో బొగ్గు బాయి పని, ఆదివారానికి వచ్చిపోయేవాడు. కొడుకు వచ్చిన రోజు చెంగు నిండా కప్పుకుని కూర్చునేది. గుడ్డలు నేనే ఉతికేదాన్ని, ఉతకడానికి పనికిరానివి పెంటలో పూడ్చేదాన్ని. దవాఖానకు పోదామంటే నా చెయ్యి పట్టుకున్నది. "రొమ్ముకు పుండని బయట పడితే ఈ ఇంటి పిల్లను ఎవరడుగుతరే? జ్వరమను. ఎవరడిగినా జ్వరమే అను" అన్నది. అంతటితో ఆగలేదు. నా బిడ్డ పక్కలో పడుకుని ఉంటే దాని నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నది. ఆ ఒట్టు తప్పితే ఎవరికి తగులుతుందో తెలుసు కదా. జ్వరమని చెప్పాను. మా ఆయన కూడా జ్వరమనే నమ్మాడు, అట్లాగే నమ్మి తానూ పోయాడు.

ఆయన పోయింది వేరే రోగంతో. పని నుంచి దిగి ఊరికి వచ్చిన తర్వాత నడుము నొప్పి అనేవాడు. బాయి పని చేసిన నడుము, నొయ్యక ఏం చేస్తుందని నూనె రాసేదాన్ని. ఒంటికి పోవడానికి తిప్పలు పడుతున్నాడని నాకు తెలిసేటప్పటికే ఆలస్యమైంది. మగవాళ్ళకు ఒంటికి వచ్చే తోవలో ఒక గ్రంథి ఉంటుందట, ప్రోస్టేట్ అంటారట, దానికి క్యాన్సర్ అన్నారు. కరీంనగర్‌లో పరీక్ష కోసం ముక్క తీశారు. నడుము నొప్పి అనుకున్నది ఎముకలకు పాకిన రోగమేనట. ఏడాది కూడా ఉండలేదు. దినాలకు వచ్చినవాళ్ళు నన్ను ఓదార్చారు. "మగోళ్ళ రోగం. నీకు కొడుకు లేకపాయె, ఇగ ఈడికే ఆగింది. ఆడివిల్లకేం ఫికర్?" అన్నారు. నాకూ అది నిజమే అనిపించింది. కొడుకు లేకపోవడం మేలే అయిందనుకున్న రోజు కూడా ఒకటి వచ్చింది నాకు.

తర్వాత కొన్ని నెలలకు పట్నం దవాఖానవాళ్ళు వచ్చి మా బడిలో కూర్చున్నారు. ఈ రోగం ఉన్న ఇళ్ళవాళ్ళను పిలిచి కుటుంబం సంగతులు రాసుకుంటారట. పోయేసరికి బెంచీ మీద పటమాయన. మెడలో తాడుకు కార్డు, చెవి మీద పెన్సిలు. నాకు నవ్వొచ్చింది.

"ఏందన్నా, పటం ఏడవోయింది?"

"ఎవరింటున్నరు చెల్లె. వీళ్ళకు పేర్లు రాసేటోడు గావాల్నట. నాకు అదొక్కటే వచ్చు."

రాసిన ప్రతి కాగితాన్నీ అలవాటు కొద్దీ పటంలాగా చుట్టేస్తున్నాడు. అక్కడున్న డాక్టరమ్మ, చిన్న వయసుదే, "చుట్టొద్దు పెద్దాయనా, కంప్యూటర్ల వెడితే పట్టదు, ఎన్నిసార్లు చెప్పాలె" అని కోప్పడింది. "మరిచిపోయిన తల్లీ" అని చుట్టలు విప్పి తొడ కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. అవి సాపు అయ్యేదాకా లేవడు. నాతో మాట్లాడినంతసేపూ ఒక తొడ ఎత్తుగానే ఉండె.

కాగితం మీద గళ్ళు, సున్నలు గీశాడు. మగవాళ్ళకు గడి, ఆడవాళ్ళకు సున్న. పోయినవాళ్ళ మీద అడ్డగీత. రోగం ఉన్నవాళ్ళ గడి పెన్సిలుతో నల్లగా నింపుతాడు. మా ఆయన గడి నింపుతుంటే నేను చూడలేదు, గోడ దిక్కు తిరిగాను. ఆ తర్వాత నా పేరు రాశాడు, నా బిడ్డ పేరు రాశాడు, రెండు సున్నలు.

"గప్పుడు పాటల లేకుంటిమి. ఇప్పుడు సున్నలమైతిమా?" అన్నాను.

పెన్సిలు ఆపాడు. "అను చెల్లె. నువ్వు ఆ దినమే అన్నవ్, నాకు యాదున్నది. ఈ డాక్టరమ్మ చెప్పినంక నాకు అన్నం సయించలే. మగోళ్ళ రోగమే గానీ, తల్లి దిక్కు నుంచి గూడ వస్తదట. తల్లి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి బిడ్డకు. కొడుకుకు గిదైతది, బిడ్డకు ఇంకోటైతది. మా తాతలు సదివిన వరుసల సగం మనుషులే లేకపాయిరి."

జన్యువులని డాక్టరమ్మ ఏదో చెప్తే నా తలకెక్కలేదు. పటమాయన చెప్తే ఎక్కింది. "మా తాత ఒక పేరు తప్పు సదివిండనుకో. మా నాయిన గదే తప్పు నేర్చుకున్నడు. నేను గదే సదివిన. ఎవరూ కావాలని చెయ్యలే. ఒంట్ల గూడ గట్లనే ఒక వరుస సదువుడున్నదట. ఏడనో ఒక అక్షరం తప్పు పడ్డది. అది దిగుకుంట వస్తది. ఎవరి దాక దిగిందో సూసుడే మా పని."

"సూసి ఏం చేస్తరు?"

"ముందుగాల తెలిస్తే ముందుగాల పట్టుకుంటరు. అందుకే ఒక మర తయారు చేసిన్రు, తనంత తానే నేర్చుకునే కంప్యూటరు. దవాఖానల తీసిన ముక్కలను సూసి, ఇది నిమ్మలంగ ఉండేది, ఇది పాకేది, ఇది వంశంల దిగింది అని పసిగడతదట. గని అది నేర్చుకున్నదంత పరాయి దేశపోళ్ళ ముక్కలు సూసి. మన దిక్కోళ్ళు దానికి కొత్త. మనం చెప్పాలె దానికి."

అప్పుడు అడిగాడు. "మీ అత్త దేనికి పోయింది చెల్లె?"

"జ్వరం" అన్నాను.

పెన్సిలు కాగితం మీద పెట్టేసి వాసాల దిక్కు చూశాడు. బడికి వాసాలు లేవు, రేకులు. రేకుల దిక్కే చూశాడు.

"ఎన్ని దినాలు?"

"నాకేం యాదున్నది. పాత ముచ్చట."

"బాయికాడ నీళ్ళు చేదేది, మస్తు గట్టి మనిషి. జ్వరమేనా?"

"జ్వరమే."

"ఇంకెవరన్న ఉన్నరా. జర యాది చేసుకో."

లేరన్నాను. ఒట్టు సంగతి అట్లా ఉంచండి. ఇంకో మాట కూడా చెప్తాను, దాచి ఏం చేసుకుంటాను. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో చాకిరీ చేసిన మనిషి పేరు వీళ్ళ నోట ఒక్కనాడు రాలేదు, ఇప్పుడు రోగం కోసం కావాల్సి వచ్చిందా అని కూడా నాలో ఉండె. ఆ కసితో చెప్పిన అబద్ధం నోట్లోంచి సులువుగా వచ్చింది.

ఆరు నెలలకు వానల్లో ఇంటికే వచ్చాడు. పాత మోపెడు, సంచి మీద ప్లాస్టిక్ కవరు, తల మీద ఏమీ లేదు. సంచి తడవకూడదట. తుండుగుడ్డ ఇస్తే ముందు సంచి తుడిచాడు.

"మీ ఆయన ముక్క కరీంనగర్ నుంచి తెప్పించి మరకు సూపెట్టిన్రు చెల్లె. ఇది వంశంల దిగినట్టున్నది అంటున్నది. అనుమానమే, ఖాయం గాదు. ఆయన రక్తం తీద్దామంటే మనిషి లేడాయె. ఇంట్ల ఆడోళ్ళకు ఎవరికన్న రొమ్ము రోగమో కడుపుల గడ్డనో ఉన్నదని తెలిస్తే, మీ బిడ్డను పిలిచి రక్తం సూస్తరు. నువ్వేమో జ్వరమంటివి. ఇంకెవరన్న ఉన్నరా, జర యాది చేసుకో."

"మర తప్పు చూసిందేమో."

"సూస్తది, తప్పు గూడ సూస్తది. అందుకే ఇంటి మనిషి మాట అడుగుతరు. ఇంటి మనిషి మాట మీద మర తన మాట దిద్దుకుంటది." చాయ్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని ఊదాడు, తాగలేదు. "గిందుల ఒక్కటే పరేషాన్ చెల్లె. రేపు ఇంకో ఊర్ల ఇంకో మనిషి ముక్క దాని ముందల పెడతరు. అచ్చం గిసొంటిదే. అప్పుడది, 'గిసొంటిది ఆ ఇంట్ల ఉండె, ఆ ఇంట్ల ఆడోళ్ళకు ఏం కాలే' అనుకుంటది. ఆ ఇంట్ల బిడ్డను గూడ పిలువరు."

నేను పొయ్యి దగ్గర ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయాను. లోపల ఉండగానే ఆయన గొంతు మొదలైంది. చేతిలో కర్ర లేదు, ముందు పటం లేదు. అరుగు మీద కూర్చుని మా ఇంటి వరుస చదువుతున్నాడు. నాకు తెలిసిన వరుసే. కానీ ఈసారి ఒక్కో మగవాడి పేరు తర్వాత ఒక ఆడదాని పేరు. ఫలానా ఆయన, ఆయన ఇల్లాలు ఫలానా ఆమె, ఆమె ఈడికి ఏ ఊరి నుంచి వచ్చింది, ఏం జబ్బుతో పోయింది. ఎక్కడ పట్టుకొచ్చాడో ఆ పేర్లు. ఊళ్ళోని ముసలివాళ్ళందరి దగ్గరా కూర్చుని ఏరి ఉంటాడు. కొన్ని పేర్లు నేనూ వినలేదు. మా ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళు బతికారా అనిపించింది. ఒక్కొక్కరే వచ్చి తలుపు పక్కన నిలబడుతున్నట్టు ఉండె.

మా మామ పేరు చెప్పాడు. "ఆయన ఇల్లాలు" అన్నాడు. ఆగిపోయాడు.

మా అత్త పేరు ఆయనకు తెలియక కాదు. బయట వాన, నేను తలుపు చాటున. ఆయన ఆగిన చోటే ఆగి కూర్చున్నాడు. చాయ్ చల్లారి మీద పొర కట్టింది, అది నాకు కనబడుతుండె. నా కుడి చెయ్యి నా బిడ్డ నెత్తి మీద ఉన్నట్టే వెచ్చగా అనిపించింది. బయటికి వచ్చి, "జ్వరమన్న గదా. ఎన్నిసార్లడుగుతవ్?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "అడుగుతనే ఉంట చెల్లె" అన్నాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, చూరు నీళ్ళ కింద గ్లాసు కడిగి బోర్లించి పోయాడు. మూడేళ్ళయింది దీనికి. మళ్ళీ చూడలేదు ఆయనను.

ఇదంతా ఆ ఫోను పట్టుకుని నిలబడ్డంతసేపట్లో నా కళ్ళ ముందు తిరిగిపోయింది. ఆ పిల్ల ఇంకా లైనులోనే ఉన్నది.

"అమ్మా, వింటున్నరా? మీ అత్తమ్మ సున్న దగ్గర అడ్డగీత ఉన్నది. దేనికి పోయిందో రాయలే. అన్ని ఇండ్ల కాగితాలు నిండినయ్, మీ ఒక్క ఇంటిదే అట్ల ఖాళీగ ఉన్నది. అందుకే ఫోన్ చేసిన."

"జ్వరమని రాసుండాలె గదా" అన్నాను.

"ఏం రాయలేదమ్మా. నేను ఒకసారి అడిగిన, మరిచిపోయినవా పెద్దాయనా అని. 'మరిచిపోలే, ఆ సున్నల ఏం నింపకు, నేను పోయి మల్ల అడగాలె' అన్నడు. జ్వరమని పెట్టేద్దునా మరి?"

"ఆయన ఎట్ల పోయిండు?"

"చొప్పదండి బస్టాండులనమ్మా. మోపెడు ఖరాబై ఆ నెల బస్సులల్ల తిరుగుతుండె. బెంచీ మీద కూసున్నడు కూసున్నట్టే. నిద్రపోతున్నడని ఎవరూ లేపలేదట. ఒళ్ళో సంచి పట్టుకొనే ఉన్నడు."

మా ఊరి బస్సు ఆ బస్టాండు నుంచే వస్తుంది. ఆ బస్సు మా ఊరి తర్వాత ఇంకా నాలుగు ఊళ్ళకు పోతుంది. ఆయన ఏ ఊరికి బయల్దేరాడో ఎవరినీ అడగలేదు నేను. అడిగితే చెప్పేవాళ్ళు కూడా లేరు. ఇప్పటికీ ఆ బస్సు మలుపు దగ్గర హారన్ కొడితే అరుగు మీదికి వచ్చి నిలబడతాను.

"ఏం పెట్టకు బిడ్డా. రెండు దినాలాగు" అని ఫోను పెట్టేశాను.

నా బిడ్డ కాగజ్‌నగర్‌లో ఉంటుంది. అల్లుడు కాగితం మిల్లులో పని, అది ఇంట్లో రైకలు కుడుతుంది. మర్నాడు పొద్దున బస్సెక్కి పెద్దపల్లిలో దిగి రైలు పట్టుకున్నాను. బెల్లంపల్లి రాగానే, మా ఆయన ఇన్నేళ్ళు దిగిన ఊరని, కిటికీలోంచి బయటికి చూడాలనుకుని కూడా చూడలేకపోయాను. తల్లి పుండు కొడుకుకు చెప్పకుండా దాచింది నేనే. చెప్పి ఉంటే తన నడుము నొప్పి అప్పుడే డాక్టరు ముందు పెట్టేవాడేమో. ఏమో.

పోయేసరికి నా బిడ్డ మెడలో టేపు, ముందు మిషను, పక్కన పుస్తకంలో ఎవరెవరివో కొలతలు.

"ఏందవ్వా, చెప్పకపెట్టక వచ్చినవ్. పానం మంచిగనే ఉన్నదా?"

"ఒక ముచ్చట చెప్పాలె. గని ఒట్టున్నది."

"ఒట్టా?" నవ్వింది. "ఎవరి మీద వేసినవ్?"

"నీ నెత్తి మీద."

నవ్వు ఆపి నన్ను చూసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసినట్టుంది దానికి. మిషను ముందు నుంచి లేచి వచ్చి, నా ముందు నేల మీద కూర్చుని, నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నది. తర్వాత తనే ఆ చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టింది. "నా మీద వేసిన ఒట్టు నేనే తీసేసిన. ఇగ చెప్పు" అన్నది.

చెప్పాను. పసుపు, వేపాకు, గుడ్డలు, పెంట, అన్నీ చెప్పాను. పటమాయన అడిగిన రెండుసార్ల సంగతీ చెప్పాను. అంతా అయినంక, "నాకెందుకు చెప్పలే?" అన్నది.

"నీ కోసమే బిడ్డా."

"నా కోసమే" అన్నది అదే మాట. లేచి పోయి అన్నం పెట్టింది. నేను తినేటప్పుడు ఎప్పుడూ పక్కన కూర్చునేది. ఆ రోజు కూర్చోలేదు.

పట్నం పోయాం. ఫోనులో మాట్లాడిన ఆ పిల్లే ఎదురొచ్చింది. పటమాయన చేతి గీతలున్న కాగితం బయటికి తీసింది. నాలుగు పక్కలా ఇంకా చుట్ట తిరుగుతూనే ఉన్నది ఆ కాగితం, ఎంత సాపు చేసినా. నేను నిలబడే చెప్పాను, హాలులో అంతమంది వింటుంటే. మా అత్తకు ఎడమ రొమ్ము పుండు, ఏడాదిన్నర ఓర్చుకున్నది, దాచింది ఆమె, దాచిపెట్టింది నేను. ఆ పిల్ల పెన్సిలుతో ఆ సున్న నల్లగా నింపింది. నిండడానికి ఎంతోసేపు పట్టలేదు.

నా బిడ్డ రక్తం ఇచ్చింది. నెల దాటినంక పిలిచారు. ఆ తప్పు అక్షరం దాని దాకా దిగింది. రొమ్ములు స్కాను తీస్తే ఒక దిక్కు చిన్న మచ్చలాంటిది ఉన్నది, ఇప్పుడే ఏమీ అనలేం, ఆరు నెలలకు మళ్ళీ చూద్దాం అన్నారు. "ఆ మచ్చ ఎప్పటిదమ్మా? మూడేండ్ల కిందట ఉండెనా?" అని డాక్టరమ్మను అడిగాను. "అది ఎవరూ చెప్పలేరు, అప్పుడు చూడలేదు కదా" అన్నది. మంచిగానే అన్నది, తప్పు పట్టి కాదు.

ఆరు నెలలకు ఇంకా రెండు నెలలున్నది.

నాకు సంతకం వరకే వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదువుతాను. పటమాయన గురించి నాలుగు మాటలు ఉండాలని నేను చెప్తుంటే, ఇంటర్ చదివే నా మనవరాలు రాస్తున్నది. వాళ్ళ అమ్మకు చెప్పే కూర్చున్నాం. ఈ మచ్చ ముచ్చట దగ్గరికి వచ్చేసరికి కలం ఆపింది.

"అమ్మమ్మా, గిది నా దాక దిగిందా?"

"ఎర్క లేదు బిడ్డా. పద్ధెనిమిది నిండినంక నీకిష్టమైతే సూపిచ్చుకో అన్నరు."

కలం మళ్ళీ కాగితం మీద ఆనించింది.

"గిప్పుడు నేనడిగింది గూడ రాయాల్నా?"

"రాయి" అన్నాను.

రాసింది.